ముత్తమ్మ గడియారం

నేను మోస్తున్నది నాలుగు నిమిషాల బరువు. పన్నెండేళ్లయింది. దింపుకోవడం చేతకాలేదు. మా ఆవిడకీ తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడరు.

అప్పట్లో కిరందుల్ గనుల దగ్గర నెట్‌వర్క్ పని నాది. ఒకచోట లైను తెగితే ఆ కబురు ఒక రౌటరు నుంచి ఇంకో రౌటరుకి అంది, అవి వేరే దారి పట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో కొలిచేవాళ్లం. దోర్నపాల్‌లో ముత్తమ్మ కేబుల్ తీసి, తన చేతి గడియారం చూసి టైము రాసేది. ఇక్కడ నా రౌటరుకి కబురు అందిన టైము నేను రాసేవాణ్ణి. వాళ్ల ఊళ్లో మిషన్ల పనికొచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. కాంట్రాక్టు ఉద్యోగం. ఆ గడియారం వాళ్లమ్మ ఇప్పపూలు అమ్మి కొన్నది. రోజూ పొద్దున రేడియో వార్తలప్పుడు సరిచూసుకునేది.

ఆరోజు ఆమె పది అని రాసింది. నా దగ్గర పదీ నాలుగు. సెకన్లలో రావలసిన కబురు. ఆ పిల్ల ఆలస్యంగా తీసి తప్పుడు టైము రాసిందన్నాడు మా సాబ్. ముత్తమ్మ నాకు ఫోను చేసింది.

“అన్నా, నేను పదింటికే తీసిన. మీ మిషన్ల టైము ఒక్కసారి చూడరాదు.”

చూశాను. అసలు టైము కన్నా నాలుగు నిమిషాలు ముందుంది. దాన్ని సరిగా ఉంచడం నా పని. ఆ నెలలోనే నా పర్మినెంటు కాగితం రావాలి.

“చూశానమ్మా. సరిగ్గానే ఉంది.”

ఆమె ఇంకేమీ అడగలేదు. నన్ను నమ్మింది కదా, ఎందుకు అడుగుతుంది? ఫోను పెట్టేసి మిషన్‌లో టైము సరిచేశాను. వారంలో ఆమెను తీసేశారు. నాకు కాగితం వచ్చింది. అది పిరికితనమా, స్వార్థమా? ఏ పేరు పెట్టినా ఆమె ఉద్యోగం తిరిగి రాదని తెలిసీ, ఆ పేరు వెతుక్కోవడమే పశ్చాత్తాపం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను.

మూడేళ్ల తర్వాత కొంటా సంతలో కనిపించింది, మిరపకాయల కుప్ప ముందు. ఆమే పిలిచింది. పిల్లలెలా ఉన్నారని అడిగింది. చేతికి గడియారం లేదు. నేను చూడడం ఆమె గమనించింది.

“అదే తప్పు చూపించి ఉంటదన్నా. నా వల్ల నీకు గూడ మాటొచ్చింది.”

నాకే క్షమాపణ. నేను కిలో మిరపకాయలు తూయించుకుని బస్సెక్కాను. దారంతా ఏడ్చాను. ఏడిస్తే ఏమైంది, దిగి వెనక్కి వెళ్లలేదుగా.

మొన్న తెలిసింది, జ్వరంతో పోయిందట. అమ్మ కొనిచ్చిన గడియారమే తనను ముంచిందని నమ్ముతూనే పోయింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం? అయినా ఒక్కసారైనా నా నోటితో అనాలి.

ముత్తమ్మా, నీ గడియారం సరిగ్గానే ఉంది.