ఆరు అంగల దూరం

పొంతెలారో ఊళ్ళో ఏడాదికోసారి, జూన్ ఆఖరి ఆదివారం, తోళ్ళపేట వాళ్ళూ బట్టీలపేట వాళ్ళూ ఇసకలోకి దిగి ఒకళ్ళ ముక్కులొకళ్ళు పగలగొట్టుకుంటారు. దానికి ఆట అని పేరు. బంతి కూడా ఒకటుంటుంది, కాదనను, కానీ దాని మొహం చూసేదెవడు? పేటకి ఇరవై ఏడుగురు, ఒంటి మీద చొక్కాల్లేకుండా, యాభై నిమిషాలు. పళ్ళు రాలతాయి, చెవులు చిరుగుతాయి, భుజాలు గూళ్ళలోంచి ఊడొస్తాయి. చీకటి పడే వేళకి అదే జనం ఒకే బల్ల దగ్గర చేరి, వాచిపోయిన మూతులతో బోటి కూర నమలలేక నములుతూ ఎర్ర వైను తాగుతారు.

నియమం ఒక్కటే. కొడితే ఎదురుగా కొట్టాలి. వెనక నుంచి కొట్టాడని తేలినవాడు మరుసటి ఆదివారం దాకా ఊళ్ళో తలెత్తుకోలేడు. ఆ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక రెండు పేటలూ చూస్తుండగా ఇసకలో నిలబడి అటు తిరగాలి. దెబ్బ తిన్నవాడి ఇంటి మనిషి వెనక నుంచి ఒక్క పిడిగుద్దు గుద్దుతాడు. ఎప్పుడు గుద్దుతాడో చెప్పడు. గంటసేపు ఎండలో నిలబెట్టి మరీ గుద్దినవాళ్ళున్నారు. పన్నెండేళ్ళ కిందట ఆ బదులు దెబ్బ తిన్న మనిషి ఇవాళ్టికీ గోడ పట్టుకునే నడుస్తాడు.

మరి వెనక దెబ్బా కాదా అని తేల్చేదెవరు? యాభై నలుగురు దుమ్ము రేపుతూ కుమ్ముకుంటుంటే ఎవరికేం కనపడుతుంది? అందుకని ఊరంతా ఇరవై ఆరేళ్ళుగా నెదో బార్జీని మీద భారం వేసింది. నెదోకి చర్చి సందులో ఫోటో స్టూడియో ఉంది. మనిషి పొట్టి, నోరు పెద్దది, కోపం ముక్కు మీదుంటుంది. పెళ్ళిలో నవ్వని పెళ్ళికొడుకుని నాలుగు తిట్టి నవ్వించి ఫోటో తీసేవాడు. ఆటరోజున మాత్రం నోరు మూసుకుని, పాత రేంజ్‌ఫైండర్ కెమెరా మెడలో వేసుకుని, చెప్పులిప్పి ఇసకలోకి దిగేవాడు.

ఆ కెమెరాలో లెన్సులోంచి చూడరు, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తారు. కిటికీలో మనిషి రెండు బొమ్మలుగా కనపడతాడు. రింగు తిప్పి ఆ రెండిటినీ ఒకటి చేస్తే దూరం కుదిరినట్టు. నెదోకి అదీ అక్కర్లేదు. బొటనవేలు రింగు మీద ఎక్కడాగిందో దాన్నిబట్టి మూడంగలో నాలుగంగలో చెప్పేసేవాడు. కొట్టుకునేవాళ్ళకి మూడంగల్లో నిలబడేవాడు. రక్తం చిట్లి లెన్సు మీద పడితే చొక్కా అంచుతో తుడిచేవాడు. దూరం నుంచి తీసేది ఫోటో కాదు, దొంగచూపు అనేవాడు. బుధవారానికల్లా ఒక్క ఫోటో పెద్దది చేసి స్టూడియో అద్దాల వెనక పెట్టేవాడు. ఆ ఫోటోలో ఏముంటే అదే తీర్పు. నెదోది తోళ్ళపేటే. అయినా ఒక ఏడాది సొంత పేట నాయకుడి వెనక దెబ్బనే అద్దాల వెనక పెట్టాడు, రాళ్ళు పడితే కొత్త అద్దం వేయించుకున్నాడు. అంతటి మొండివాడు.

1977లో బట్టీలపేట వాళ్ళిద్దరు ఒక తోళ్ళపేట వాడిని ఎత్తి విసిరితే ఆ మనిషి వచ్చి నెదో మోకాలి మీద పడ్డాడు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. మూడు నెలలు మంచం మీదున్నాడు. లేచాక కాలు ఈడుస్తూ నడుస్తుంటే, ఆటకి పెద్దమనిషిగా ఉండే ఉబాల్దో మాస్టారు వచ్చి, ఇక ఇసకలోకి దిగనిచ్చేది లేదని మర్యాదగానే చెప్పారు. పరిగెత్తలేనివాడు అక్కడ చస్తాడన్నారు. కోడెదూడలా తిరిగిన మనిషికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడు కొన్నాడు జూమ్ లెన్సు. అది పాత కెమెరాకి అమరదు కాబట్టి లెన్సులోంచే చూసే కొత్త కెమెరా కూడా కొనాల్సొచ్చింది. గొట్టం ముందుకూ వెనక్కూ లాగితే మైదానం అవతలున్నవాడి మెడ మీది చెమట బొట్టు కూడా కళ్ళముందుకొచ్చి కూర్చుంటుంది. పెళ్ళిళ్ళకి ఎప్పటిలా పాతదీ, ఆటకి కొత్తదీ అని రెండూ ఒకే సంచిలో సర్దుకున్నాడు. అక్క ఫెదోరా కొడుకు లొరియానో దాన్ని చూసి, మామయ్యకి ఇక మా చెమట కంపు తప్పిందని నవ్వాడు. లొరియానో తోళ్ళపేట ముందు వరసలో ఆడతాడు. తండ్రి లేని పిల్లాడని నెదోయే చదువు చెప్పించాడు, కొట్టాడు, ముద్దు చేశాడు.

1978 ఆటలో నెదో గోడ మీద, మైదానానికి ఒక చివర కూర్చున్నాడు. ఫిరంగి పేలగానే రెండు వరసలూ ఢీకొన్నాయి. మొదటి నిమిషంలోనే ఒకడి పెదవి రెండుగా చీలింది. ఒకడు ఇంకొకడి పొట్ట మీద కూర్చుని మొహాన్ని పిండి పిసికినట్టు పిసుకుతున్నాడు. ఒకడు విరిగిన వేలు పట్టుకుని, దాన్నే చూస్తూ నవ్వుతున్నాడు. నెదో గొట్టం లాగుతూ తీస్తూనే ఉన్నాడు. ముప్ఫయ్యో నిమిషంలో బట్టీలపేట బ్రూనెరో ఫలాస్కీ ముందుకి ఒరిగి బోర్లా పడ్డాడు, మళ్ళీ కదల్లేదు. నోట్లోంచి నురగా రక్తమూ కలిసి ఇసకలో ఇంకుతోంది. ఎవరు కొట్టారో, ఎటునుంచి కొట్టారో చూసినవాడు లేడు. మోసుకుపోయారు. రెండు రోజులు తెలివి రాలేదు, వచ్చాక కూడా ఏం జరిగిందో గుర్తులేదు.

సోమవారం చీకటిగదిలో కాగితం మీద బొమ్మ తేలుతుంటే నెదో వంగి చూశాడు. బ్రూనెరో వీపు. బ్రూనెరో మెడ. ఆ మెడ మీద పిడికిలి. పిడికిలికి ఇవతల, పళ్ళు బిగించి పక్కకి తిరిగిన లొరియానో మొహం. ఇరవై ఆరేళ్ళుగా అతని ఫోటోల్లో పిడికిలి మెడ మీద కనపడిందంటే మెడ మీద పడిందనే. ఇంకో అర్థం ఉంటుందని అతనికి తోచనేలేదు.

మేనల్లుడిని పిలిపించాడు. లొరియానో ఫోటో చూసి తెల్లబోయాడు. తన ముందున్నవాడు వంగి తప్పుకున్నాడనీ, గుద్దు గాల్లోకి పోయిందనీ, బ్రూనెరో ఎక్కడో అవతలున్నాడనీ చెప్పాడు.

"నేను వాడికి ఆరంగల అవతలున్నాను మామయ్యా. ఒట్టు."

"నోర్ముయ్. వెధవ పని చేసి పైగా ఒట్లా? నా కెమెరా అబద్ధమాడదు."

అంటూనే చెంప పగలగొట్టాడు. ఉంగరం తగిలి లొరియానో కంటి కింద చీరుకుపోయింది. ఆ కుర్రాడు తలచుకుంటే మామయ్యని ఒంటిచేత్తో విరిచి పారేయగలడు. చెయ్యెత్తలేదు. రక్తం తుడుచుకోకుండా వెళ్ళిపోయాడు.

బుధవారం ఫోటో అద్దాల వెనక్కి ఎక్కింది. బట్టీలపేట జనం వచ్చి చూసి, టోపీలు తీసి, నెదో మగాడని మెచ్చుకుని పోయారు. సొంత మేనల్లుడని కూడా చూడలేదన్నారు. నెదోకి కాస్త ఛాతీ ఉబ్బిన మాట కూడా నిజమే, ఎందుకు దాచాలి? బదులు దెబ్బ కొట్టేది బ్రూనెరో అన్న అల్వారో అని తేలింది. అల్వారో బట్టీలో ఇటుకలు మోసి మోసి ఇటుకలాగే తయారైన మనిషి. గురువారం అక్క ఫెదోరా వచ్చి గుమ్మంలోనే తమ్ముడి మొహాన ఉమ్మేసింది.

"ఒరేయ్ నెదో, ఆదివారం వాడు లేవకపోతే పాడెకి కూడా నువ్వే ఫోటో తీద్దువుగాని."

ఆ సాయంత్రం ఉబాల్దో మాస్టారి కోసం ఇంకో కాపీ వేస్తూ ఫోటో అంచు చూశాడు నెదో. మైదానం పక్కన కంచె గుంజలున్నాయి. రెండేసి అంగలకి ఒక గుంజ, తనే ఎన్నోసార్లు వాటికి చేరగిలి నిలబడ్డాడు. ఫోటోలో ఆ గుంజలు దువ్వెన పళ్ళలా ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. లొరియానో మడమ దగ్గర ఒక గుంజ. బ్రూనెరో మడమ దగ్గర ఇంకొకటి. ఈ రెండోది మొదటిదానికి అవతల మూడో గుంజ. మూడు రెళ్ళు ఆరు. నెదో మళ్ళీ లెక్కపెట్టాడు. భూతద్దం పక్కన పడేశాడు. కొత్త కెమెరా పట్టుకుని సందులోకి కుంటుకుంటూ పరిగెత్తి, గొట్టం పూర్తిగా లాగి దీపస్తంభాల వైపు చూశాడు. సందు పొడుగునా ఉన్న స్తంభాలన్నీ వచ్చి ఒక్కచోట కూలబడ్డాయి. దగ్గరకి లాక్కొచ్చే లెన్సు, మధ్యలో ఉన్న దూరాన్ని మింగేస్తుందని అప్పుడు తెలిసింది ఆ పెద్దమనిషికి. బ్రూనెరోని పడగొట్టింది ఎదురుగా తగిలిన ఎవడి మోకాలో అయ్యుంటుంది. అది వాడి ఒళ్ళు చాటున పడి ఫోటోలోకే రాలేదు.

శుక్రవారం పొద్దున్నే మాస్టారి దగ్గరకి వెళ్ళి గుంజలు చూపించాడు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి మడిచారు. సోమవారం నీకు పిడికిలి కనపడింది, ఇవాళ కర్రలు కనపడుతున్నాయి, మధ్యలో మీ అక్క ఏడ్చింది, అంతేగా నాయనా అన్నారు. కెమెరాలోంచి చూడండని బతిమాలితే, ఈ వయసులో తనకి ఇంద్రజాలాలొద్దన్నారు. బట్టీలపేటకి వెళ్తే గేటు దగ్గరే నవ్వి పంపించేశారు. అబద్ధమాడదని ఇరవై ఆరేళ్ళు తనే డప్పు కొట్టుకున్నాడు, ఇప్పుడు ఆడిందంటే ఎవరు చెవినపెడతారు?

ఆ రాత్రి నిద్రపోకుండా ఒక నిర్ణయానికొచ్చాడు. మాటలు నమ్మరు. ఫోటో అయితే నమ్ముతారు. అయితే ఫోటోయే పెడదాం అనుకున్నాడు.

శనివారం సంత. చర్చి గంటగోపురం మెట్లు ఆ కాలితో ఎలా ఎక్కాడో అతనికే తెలియాలి. వీధి చివర అల్వారో సంత కొట్టు కోసం గుంజలు పాతుతున్నాడు. అతనికి పదంగల అవతల, మెడకి పట్టీతో, తెలివొచ్చిన బ్రూనెరో అరుగు మీద కుర్చీలో ఇటు వీపు పెట్టి ఎండకి కూర్చున్నాడు. అల్వారో సుత్తి ఎత్తినప్పుడల్లా నెదో నొక్కాడు. మధ్యాహ్నానికి ఫోటో తడి ఆరకుండానే అద్దాల వెనక్కి వెళ్ళింది. అన్న సుత్తితో తమ్ముడి తల మీద, అదీ వెనక నుంచి, కట్టు కట్టిన చోటే కొట్టబోతున్నాడు. అలా ఉంది ఫోటో. చూసినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. మూడింటికి స్టూడియోకి రమ్మని మాస్టారికి కబురు పెట్టి, నెదో తలుపు తీసుకుని కూర్చున్నాడు.

మాస్టారికంటే ముందు అల్వారో వచ్చాడు, ఇద్దరు బాబాయి కొడుకులని వెంటేసుకుని. అద్దాలు భళ్ళున పగిలాయి. గాజుపెంకుల మీదనుంచే లోపలికొచ్చి నెదోని కాలర్ పట్టుకుని బల్ల మీదకి లాగారు. మొదటి గుద్దుకి ముందు పళ్ళు మూడు ఊడి గొంతులోకి పోయాయి. రెండోదానికి ముక్కు పక్కకి తిరిగింది. ఒకడు మోకాలు బాగులేని కాలినే చూసుకుని తన్నాడు. పాత కెమెరాని నేలకేసి కొట్టారు, కొత్తదాన్ని గోడకేసి కొట్టారు. మాస్టారు గుమ్మంలోకి వచ్చేసరికి అల్వారో ఆ ఫోటోని నెదో నోట్లో కుక్కుతున్నాడు.

"నా తమ్ముడి మీద నేను సుత్తెత్తానా? దొంగనాకొడకా, వాడు నాకు పదంగల అవతల కూర్చున్నాడు. బజారంతా చూసింది."

నెదో కాగితం ఉమ్మేశాడు. దాంతోపాటు ఇంకో పన్ను కూడా వచ్చింది.

"ఎన్నంగలు? మాస్టారికి వినపడేలా ఇంకోసారి చెప్పు నాయనా."

అల్వారోకి అర్థం కాలేదు. చెయ్యి ముందు ఆడింది. నెదో దవడ ఎండుకొమ్మలా పటుక్కుమంది. మాస్టారికి మాత్రం అర్థమైంది. గాజుపెంకుల్లోంచి సోమవారం నాటి ఫోటో ఏరి, రెండో ఫోటో పక్కన పెట్టి, ఆ ముగ్గురినీ కూర్చోమన్నారు. వాళ్ళు కూర్చున్నారు. రెండు ఫోటోలనీ మార్చి మార్చి చూశారు. చివరికి అల్వారో తన చేతికంటిన రక్తాన్ని ప్యాంటుకి తుడుచుకుని, రేపు తను ఇసకలోకి రానని చెప్పాడు.

ఆదివారం ఎవరూ అటు తిరిగి నిలబడలేదు. లొరియానో బతికిపోయాడు. ఆసుపత్రిలో నెదో దవడని తీగలు వేసి కట్టేశారు. అయినా కళ్ళతో నవ్వుతూనే ఉన్నాడు, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా, గుమ్మం వైపే చూస్తూ. అక్క వచ్చింది, చెయ్యి నిమిరింది, ఏడ్చింది. మేనల్లుడు నాలుగో రోజున వచ్చాడు. కంటి కింద కుట్లున్నాయి. కూర్చోలేదు.

"అందరూ నువ్వు నాకోసం తన్నులు తిన్నావంటున్నారు. తిన్నావు, కాదనను," అన్నాడు లొరియానో. "కానీ ఒకటి చెప్పు మామయ్యా. అల్వారో పదంగలన్నాడు. వాళ్ళ పేటంతా వాడి మాట నమ్మి నీ ఫోటోని నీ నోట్లోనే కుక్కింది. నేను ఆరంగలన్నాను. నువ్వు ఫోటోని నమ్మి నా మొహం చింపావు."

నెదో ఏదో అనబోయాడు. తీగలు లాగి చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది. లొరియానో తువ్వాలుతో ఆ రక్తం తుడిచి, తువ్వాలు మంచం మీద పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.