మడుగు మధ్య గంపకు కాపలా

జెనీవాలో దేశాలన్నీ కూడి, ఆయుధాలు తగ్గించుకుందామని బేరాలాడుతున్న రోజులవి. ఆ బేరాలతో ఏలూరులో పంతులమ్మ చదువు చదువుతున్న నాకేం పనంటే, మా బడి నడిపే మిషను దొరసానికి పొద్దస్తమానం అదే ధ్యాస. వేసవి సెలవులకు అందరూ ఇళ్ళకు పోతే నన్నొక్కదాన్ని ఉంచేసుకుంది. ఇంగ్లీషు పత్రికలో సభ వార్తలు చదవడం, తెలుగు చెయ్యడం, సాయంత్రం గుడి వసారాలో పదిమందికీ వినిపించడం నా పని. లోకరాజకీయాలు నేర్చుకోవడమంటే అదేనని ఆవిడ నమ్మకం. తాడేపల్లిగూడెంలో బడిపంతులుగా ఉన్న మా నాన్నగారు కూడా పొంగిపోయారు.

నేను మాత్రం పళ్ళు నూరుకుంటూ చేశాను. నాకు ముక్కు మీద కోపం. ఆ పెద్దమనుషుల మాటలకు తలా తోకా ఉండేది కాదు. దాడికి పనికొచ్చే ఆయుధాలు మానేద్దామని అందరూ ఒప్పుకునేవారు. తీరా ఏది దాడికి, ఏది కాపుదలకు అని అడిగితే, ఎవరి ఫిరంగి వాళ్ళకు కాపుదలకే. "వీళ్ళ నోళ్ళు మూయించడానికి మా మేనత్త ఒక్కర్తి చాలండి" అన్నానొకసారి. "శాంతము నేర్చుకొనుము" అంది దొరసాని. ఆవిడకు వచ్చింది బైబిలు తెలుగే.

ఆ మేనత్త ఇంటి నుంచే కబురొచ్చింది. మా అక్కను ఆవిడ పెద్దకొడుక్కే ఇచ్చారు, కొల్లేటి లంకలో. ఎండలు ముదిరితే వాళ్ళ లంకకూ ఎదురు లంకకూ నడుమ ఒక్క మడుగే మిగులుతుంది. చేపలన్నీ అక్కడే చేరతాయి. మడుగు మాదంటే మాదని ఏటా తగువే. ఆ ఏడు మాటలతో ఆగలేదు. చేపలు పొడిచే బల్లెం బావ తమ్ముడి కుడి భుజంలో దిగింది. బతికాడు గానీ చెయ్యి లేవడం లేదు. పొడిచింది ఎదురు లంక ఊరిపెద్ద కొడుకు. వాణ్ణి అదే మడుగులో చంపి పాతేస్తానని బావ వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు.

రెండు లంకల్లోనూ మిషను గుడులున్నాయి. దొరసాని మాటంటే రెండు చోట్లా గౌరవమే. "చదివినది చేసి చూడవలెను" అని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. బండి దిగి తాటిదోనె ఎక్కి లంక చేరేసరికి అక్క గట్టు మీదే నిలబడి ఉంది. ఏడో నెల. నన్ను పక్కకు లాక్కుపోయి, "నువ్వేం చదివావో నాకు తెలీదే. మీ బావ చేతికి ఆ బల్లెం అందకూడదు. అందిందా, ఆయన ఉరికంబం ఎక్కుతాడు, నేను బిడ్డనెత్తుకుని వీధిన పడతాను" అంది.

రెండు ఊళ్ళవాళ్ళనూ మడుగు ఒడ్డున కూర్చోబెట్టింది దొరసాని. తాసీల్దారు వచ్చి సరిహద్దు తేల్చేదాకా బల్లేలు అప్పగించమంది.

"మా బల్లేలు చేపల కోసమండి. వాళ్ళవే మనుషుల కోసం" అన్నాడు బావ.

"చిత్తం. మేమూ అదే మనవి చేస్తున్నామండి" అన్నాడు ఎదురు లంక పెద్ద.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏలూరులో నేను రోజూ తెలుగు చేస్తున్న ముక్కే కదా ఇది. "కర్రలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇనప మొనలు ఊడదీసి ఇవ్వండి, రెండు ఊళ్ళవీ ఒకే గంపలో" అన్నాను. ఎవరి మొనకు వాళ్ళు ఆకురాయితో గుర్తు గీసుకుంటారు గనక కలిసిపోతాయన్న భయం లేదు. గంప ఎవరి దగ్గరుండాలన్న చోట మళ్ళీ చిక్కు. నేను బావ మరదల్నని ఎదురు లంకవాళ్ళకు అనుమానం, దొరసానిని ఎదురు లంకవాళ్ళు మాటలతో బుట్టలో వేసుకుంటారని మావాళ్ళకు అనుమానం. చివరికి మడుగు నడిమధ్య గుంజ పాతి, దానికి దోనె కట్టి, రెండు గట్లకూ కనబడేలా గంపతో నన్ను కూర్చోబెట్టారు. తాసీల్దారును వెంటబెట్టుకొస్తానని దొరసాని ఆకివీడు వెళ్ళింది.

పొద్దు నడినెత్తికొచ్చి వాలింది. తాసీల్దారు జాడ లేదు. నెత్తిన తడిగుడ్డ, ఎదుట ఇనుము, చెరో గట్టునా గంప మీదే కళ్ళు పెట్టిన మగవాళ్ళు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంతలో ఎదురు గట్టు మీద ఏదో తళుక్కుమంది. అది రాగిచెంబని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం బల్లెం దాచారన్నారు మావాళ్ళు. బావ దోనె నావైపు తోశాడు. అది చూసి అవతల పెద్దా, కొడుకూ తమ దోనె తోశారు. వాళ్ళ వెనక ఇంకా దోనెలు.

బావే ముందొచ్చాడు. "నా మొన ఇటియ్యి."

"ఇవ్వను బావా. మీరు మాటిచ్చారు."

"వాళ్ళు తప్పాక నాకేం మాట. అడ్డు రాకు, చిన్నపిల్లవి."

"అక్క మొహం చూడండి ఒక్కసారి" అన్నాను. గట్టు మీద అక్క పొట్ట పట్టుకుని నిలబడి ఉంది. బావ చూడలేదు. గంపలో చెయ్యి పెట్టి గుర్తులు వెతకసాగాడు. అవతలి దోనె కూడా వచ్చి మా దోనెకు కొట్టుకుంది. ఎవరికిచ్చినా చావే. ఇంక ఆలోచించలేదు. రెండు కాళ్ళూ గంపకు ఆనించి తన్నాను.

గంప మడుగులో పడింది. దోనె ఒరిగి దాని వెనకే నేనూ పడ్డాను. నీళ్ళు భుజాల దాకానే గానీ, బురద మోకాళ్ళను పట్టేసింది. జడ పట్టుకుని పైకి లాగినవాడు ఎదురు లంక పెద్ద. "నీ దుంప తెగ, మా కూడు ముంచేశావు కదమ్మా" అన్నాడు. అటువైపు నుంచి బావ కూడా అదే తిట్టు.

మొనలు బురదలో ఇంకా దిగిపోకముందే తీయాలి. లేకపోతే ఇరు ఊళ్ళకూ వేసవంతా పస్తే. ఒక్కొక్కరే దూకారు. కాళ్ళతో తడుముతూ, మునుగుతూ, తేలుతూ, నన్ను తిడుతూ వెతికారు. ఎవడి పక్కన ఎవడున్నాడో చూసుకునే తీరిక లేకపోయింది.

బావ ఒక మొన పట్టుకుని లేచాడు. బురద తుడిచి గుర్తు చూశాడు. మొహం మారిపోయింది. తమ్ముడి భుజంలో దిగింది అదే. పొడిచిన కుర్రాడు బారెడు దూరంలో, ఛాతీ దాకా నీళ్ళలో, వట్టి చేతులతో ఉన్నాడు. వాడూ గుర్తు చూశాడు, కదల్లేదు.

"ఇది మీదేనాండి?" అన్నాడు బావ.

"నాదేనండి."

బావ మొన తనవైపు తిప్పుకుని, వెనకభాగం వాడికి అందించాడు.

పొద్దుగుంకే వేళకు దొరసాని తాసీల్దారును తెచ్చేసరికి అందరూ బురదకొట్టుకుని గట్టు మీద మొనలు వేరుచేసుకుంటున్నారు. బావది మాత్రం దొరకలేదు. "మీది దొరికిందాండి?" అనడిగాడా కుర్రాడు. లేదని తలూపాడు బావ. వాడు తన మొన తెచ్చి బావ ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

జెనీవా సభ ఏమీ తేలకుండానే చెదిరిపోయింది. ఆ వార్త కూడా నేనే తెలుగు చేసి చదివాను. బావ మటుకు ఆ ఏడంతా ఆ అరువు మొనతోనే చేపలు పొడిచాడు. అక్క బాలింతగా ఉన్నప్పుడు తెచ్చిన కొరమేను కూడా దానితో పొడిచిందే. అక్క ముట్టనంది. చెయ్యి లేవని మరిదే ఎడమచేత్తో ముక్క తీసి, "తినండి వదినా, చల్లారిపోతుంది" అని ఆమె కంచంలో వేశాడు.