బోటాన్ వదిన ముల్లంగి

తైనాన్‌లో మా సందు చివర మాజు అమ్మవారి గుడి. గుడి పక్కన బోటాన్ వదిన అన్నం బండి, దాని పక్కన నేను జుట్టు కత్తిరించే కొట్టు. నా దగ్గర తలంటించుకుని వెళ్ళినవాళ్ళు కూడా వదిన కుండ వాసనే మోసుకెళ్తారు. పందిమాంసాన్ని కొవ్వూ తోలూ వదలకుండా కత్తితోనే సన్నగా తరుగుతుంది. వేయించిన చిన్న ఉల్లిపాయలు, సోయా రసం, పటికబెల్లం వేసి పొద్దుటినుంచీ సన్నసెగ మీద ఉడికిస్తుంది. వేడన్నం మీద ఒక్క గరిటె పడితే ఇంకేమీ గుర్తుండదు.

నోరు మాత్రం మంచిది కాదు. "కొవ్వు తీసేసి పెట్టు వదినా" అన్నవాణ్ణి, "ఆసుపత్రిలో గంజి పోస్తారు, పో నాయనా" అని సాగనంపుతుంది. అందుకే ఆమె పెట్టే ముల్లంగి ఊరగాయ ఉప్పుకషాయమని ఎవరూ అనలేదు. సందు సందంతా నంజుకున్నట్టు నటించేది.

అమ్మవారి పుట్టినరోజు ఊరేగింపుకి వచ్చే యాత్రికులకు ఏటా వదినే వండుతుంది. ఈసారి ఎదురుగా అన్నమూ ఊరగాయలూ అమ్మే బండి ఛుంజి కూడా నేనంటే నేనని లేచింది. గుడి పెద్ద లిన్ తాత ఎవరితోనూ చెడ్డ కావడం ఇష్టంలేని మనిషి. "అమ్మవారినే అడగండమ్మా" అని తప్పుకున్నాడు.

"ఆ వంట పోతే నేనెందుకే ఇంక!" అని వదిన నా కొట్లో కూర్చుని ఏడ్చింది.

అడగడమంటే నెలవంక చెక్కల జతని నేలమీద వెయ్యడం. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవును. అలా వరసగా మూడుసార్లు పడాలి. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే అమ్మవారు నవ్విందని, ప్రశ్న మార్చి అడగమని.

సందంతా గుడిలో చేరాక వదిన చెక్కలు అందుకుంది. "తల్లీ, ఈసారీ నేనే వండనా?"

అమ్మవారు నవ్వింది.

"నవ్వుతావేం తల్లీ? మాంసం బాలేదా?"

కాదు. వదిన తల ఎగరేసింది.

"ఛుంజి నాకంటే బాగా వండుతుందా?"

కాదు. ఛుంజి మొహం మాడిపోయింది.

"నోటి సంగతి అడుగు వదినా" అన్నాను.

"నోరు వడ్డిస్తానుటే?" అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "ముల్లంగిలో ఉప్పెక్కువా?" అంది.

అవును. మళ్ళీ అవును. చెక్కలు ఏరి మూడోసారి వేసింది. అవును.

వదిన మా అందరివైపూ తిరిగింది. "మీకు తెలుసా?"

లిన్ తాత అగరొత్తులు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఒక్కరైనా చెప్పొచ్చు కదరా!" కళ్ళనిండా నీళ్ళు.

"చెప్తే బతకనిస్తావా అక్కా?" అంది ఛుంజి.

వదిన ముక్కు చీది చెక్కలు తీసింది. "తల్లీ, మాంసం నాది, ముల్లంగి ఈ ఛుంజిది. సరేనా?"

మూడుసార్లూ అవునే.

"విన్నావుగా? నీ ముల్లంగి గిన్నెలో ఓ మూల పెట్టు. నా మాంసానికి తగిలిందో, చెప్తాను నీ సంగతి!"

ఊరేగింపు రోజు జనం తిని లేచేసరికి కుండ అడుగు కనిపించింది. వదిన ఛుంజి ముల్లంగి ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"తీపెక్కువ" అంది. ఇంకో రెండు ముక్కలు తీసుకుంది.