సర్వ అంటే సమస్తం కాదు

మొన్న మా చెల్లెను తీస్కరానికి ఎయిర్‌పోర్టుకు పోయిన. విమానం ఆలస్యమంటే శంషాబాద్‌ల కొత్తగ తెరిచిన హోటల్ల కూసున్న. గోడ మీద బోర్డు: ‘సర్వపిండి. సర్వ అంటే సమస్తం. సమస్త ధాన్యాలతో చేసే ప్రాచీన రొట్టె.’ చదివేసరికి ఒళ్లు మండింది. మేనేజర్‌ను పిలిచి, “ఎవరయ్యా గిది రాసింది? సర్వ అంటే గుండ్రటి అడుగుండే వంటపాత్ర. దాంట్ల చేస్తరు కాబట్టి సర్వపిండి” అన్న. అతను నవ్వి, “తెలుసండీ. పాత్ర పేరంటే ఎవరు తింటారు? ఇలా అంటే గొప్పగా ఉంటుంది” అన్నడు. తెల్వక రాస్తే ఓర్చుకుందును. తెలిసే రాసిండ్రు!

గొప్ప ఏందో మా మేనత్తను అడగాలె. పెనిమిటి పోయినంక ఆమె అత్తగారింట్లకెల్లి ఇద్దరు బిడ్డలతోని, తల్లి పెట్టిన ఒక్క ఇత్తడి సర్వతోని బయటపడి గగన్‌పహాడ్‌ల కిరాయికి దిగింది. బియ్యప్పిండిల శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి, సర్వ లోపల వేళ్లతోని పల్చగ ఒత్తి, నడుమ బొక్కలు పొడిచి నూనె పోసి, కాల్చి అమ్మేది. ఒకటి తీసినంక సర్వ అడుగును నీళ్లల్ల పెడితే చుయ్యిమనేది. చల్లారితెగాని రెండోది ఒత్తరాదు. కాటేదాన్ కార్ఖానాలకు పోయేటోళ్లు తిట్టుకుంటనే ఆగేటోళ్లు, తిన్నంక తిట్లు మర్చిపోయేటోళ్లు. గట్ల బిడ్డలను సాకింది.

గది చూసి ఓర్వలేక ఆమె బావ, పెనిమిటి అన్న, ఒకనాడు ఆమె లేనప్పుడు వచ్చి, “మా ఇంటి సామాను” అని సర్వ ఎత్తుకపోయిండు. పక్కింటామె గిన్నె ఇస్తే దాంట్లనే చేసింది. ఎవరో “సర్వపిండి మంచిగున్నది అక్కా” అంటే గయ్యిమన్నది. “సర్వ ఏది? గిది గిన్నెపిండి. నా సర్వ వచ్చేదాక ఆ మాట అనకుండ్రి.”

ఇగ ఆగలేక, మా నాయినను వెంటబెట్టుకొని అత్తగారింటికి పోయింది. వాకిట్ల ఆ సర్వల బర్రెకు కుడితి కలిపి పెట్టిండ్రు. ఎవరినీ పలకరియ్యకుండ కుడితి పారబోసి సర్వను సంకన పెట్టుకున్నది. బావ అడ్డమొచ్చి, “గిన్నె కోసం గింత లొల్లా?” అన్నడు.

“గిన్నె కాదు బావా, సర్వ. మా అమ్మ ఇచ్చింది. జరుగు.”

జరిగిండు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల మా నాయిన, తనే గెలిచినట్టు మీసం దువ్వేటోడు.

హోటల్ల నేను “బోర్డు తియ్యి” అంటే మేనేజర్, “పైవాళ్లని అడగాలండీ” అన్నడు. తెచ్చిన సర్వపిండి ప్లేటు ముట్టకుండ లేచొచ్చిన. మనుషులను కాలం తీస్కపోతె ఏం జేస్తం, ఏడుస్తం. మాటలను మాత్రం కాలం తీస్కపోదు, మనమే అమ్ముకుంటం.