ఇనుపతెరా, మా పెరటి దడీ

పోయిన గురువారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, ఇవాళ మన పెరటి గోడ కొట్టేస్తున్నారట, చూడాలనుంటే వెళ్ళి చూడు అన్నాడు. మా నాన్నగారి స్థలాన్నీ, గోడకి అవతల ఉన్న పెదనాన్నగారి స్థలాన్నీ కలిపి ఎవరో ఫంక్షన్ హాలు కట్టేవాళ్ళు కొనుక్కున్నారు. నాకేం చూడాలని లేదని చెప్పి ఫోన్ పెట్టేసి, పావుగంటలో చీర మార్చుకుని అమలాపురం ఎర్రవంతెన దగ్గర ఆటో ఎక్కాను. నేను ఊరు చేరేసరికే పొక్లెయిను సగం గోడ పడగొట్టేసింది. మిగతా సగానికి ఇంకాసేపు పట్టింది.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, బెర్లిన్ గోడ కూల్చిన రోజుల్లో టీవీ ఉన్నవాళ్ళింటికి వెళ్ళి మరీ ఆ వార్తలు చూశాం. జనం గోడెక్కి నించోవడం, సుత్తులతో కొట్టడం, అటువాళ్ళూ ఇటువాళ్ళూ కావలించుకుని ఏడవడం చూసి, ఊరూ పేరూ తెలియని ఆ మనుషుల కోసం మనకీ కళ్ళు చెమర్చాయి. మా గోడ కూలిన చోట నేనూ, పొక్లెయిను నడిపే అతనూ, కొత్తగా దొరికిన దారిలో అటునుంచి ఇటు వచ్చిన ఒక మేకా తప్ప ఎవరూ లేరు. ఏడుద్దామనుకున్నాను గానీ దుమ్ముకి దగ్గొచ్చింది.

ముప్ఫై ఏళ్ళ పాటు ఇంటర్మీడియట్ పిల్లలకి చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన అమెరికా, రష్యాలు యుద్ధం గెలిచిన రెండు మూడేళ్ళకే ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితికి ఎలా వచ్చాయి, ప్రచ్ఛన్న యుద్ధం ఎలా మొదలైంది అన్నది మాకు దాదాపు చివరి పాఠం, పరీక్షల్లో తరచూ అడిగే పది మార్కుల ప్రశ్న. నిద్దట్లో లేపి అడిగినా కారణాలన్నీ వరసగా చెప్పగలను. అంత తెలిసినదాన్ని, ఆ పాఠం చెప్తూ చెప్తూనే మా రెండిళ్ళ మధ్యా ఆ గోడ లేపించాను. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు.

నాన్నగారూ పెదనాన్నగారూ పక్కపక్క ఇళ్ళలో ఉండేవారు. పెదనాన్నగారిది డాబా, మాది పెంకుటిల్లు, రెండిటి వెనకా కలిసిపోయి ఉన్న కొబ్బరితోటకి తాతగారు నాటిన ఒక వరస చెట్లే సరిహద్దు. నాన్నగారు ఎర్రజెండా మనిషి. పెదనాన్నగారు కొబ్బరి వ్యాపారం చేసుకుంటూ, ఎవడి కష్టం వాడిది, ఎవడి ఫలం వాడిది అనే మనిషి. సాయంత్రాలు డాబా అరుగు మీద కూర్చుని రష్యా గొప్పా అమెరికా గొప్పా అని అన్నదమ్ములిద్దరూ వీధికి వినపడేలా వాదించుకుంటుంటే, లోపల తోడికోడళ్ళిద్దరూ ఆ రెండు దేశాలకీ కలిపి ఒకే గిన్నెలో కాఫీ కాచేవారు. నాకు చరిత్ర మీద ఇష్టం పుట్టింది ఆ అరుగు మీదే. ఆడపిల్లకి ఎమ్మే ఎందుకని చుట్టాలంతా నసుగుతుంటే, నన్ను వెంటబెట్టుకుని వాల్తేరు తీసుకెళ్ళి యూనివర్సిటీలో చేర్పించింది పెదనాన్నగారే.

సోవియట్ యూనియన్ ముక్కలైందని వార్తల్లో చెప్పిన రోజున నాన్నగారు అన్నం ముట్టలేదు. ఇన్నాళ్ళ వాదనలో పెదనాన్నగారు గెలిచినట్టే కదా, ఇంక వచ్చి ఏడిపించుకు తింటారని మేమంతా బెదిరిపోయాం. ఆయన మామూలుగానే వచ్చి, కాఫీ తాగి, ఈసారి కొబ్బరి దింపు ఎలా ఉందో మాట్లాడి వెళ్ళిపోయారు. నెల రోజుల పాటు రష్యా మాటే ఎత్తలేదు. తెలిసిన మాటని అనకుండా ఊరుకోవడంలో ఎంత ప్రేమ ఉంటుందో ఆ నెల రోజులూ కళ్ళారా చూశాను. చూశాను గానీ నేర్చుకోలేదు.

తొంభయ్యారు తుఫాను సంగతి కోనసీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అప్పటికి నేను పెళ్ళయి, ఉద్యోగంలో చేరి అమలాపురంలోనే ఉంటున్నాను. దారి పొడుగునా పడిపోయిన చెట్లు ఎక్కుతూ దిగుతూ మూడో రోజుకి గానీ మా ఊరు చేరలేకపోయాను. మా ఇంటి పెంకులు లేచిపోతుంటే పెదనాన్నగారు ఆ గాలిలోనే వచ్చి నాన్నగారినీ అమ్మనీ చెరో చేత్తో డాబాలోకి లాక్కెళ్ళారట. తోటలో నిలబడి ఉన్న చెట్లు అక్కడొకటీ ఇక్కడొకటీ. తాతగారి సరిహద్దు వరసైతే వేళ్ళతో సహా పడిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు రెండిళ్ళకీ ఒకే పొయ్యి. అన్నదమ్ములిద్దరూ పెద్దరంపానికి చెరో కొసా పట్టుకుని పడిపోయిన మొద్దులు కోసుకున్నారు, రష్యా అమెరికాల ఊసే లేదు. తర్వాతి రోజుల్లో, రష్యా సైనికులూ అమెరికా సైనికులూ జర్మనీ మధ్యలో ఒక నది ఒడ్డున కలుసుకుని చేతులు కలిపిన ఘట్టం చెప్పినప్పుడల్లా నా కళ్ళ ముందుకి ఆ రంపమే వచ్చేది.

తగువు తుఫాను పోయాక వచ్చింది. నాన్నగారు కొత్త మొక్కలు తెచ్చి, సరిహద్దు ఇక్కడే ఉండాలన్న అంచనా మీద ఒక వరస పాతారు. మళ్ళీ గాలొస్తే చెట్లు ఇంటి మీద పడకుండా కాస్త ఎడం ఉండాలని రెండు మూరలు అటు జరిపారు. ఆయన మనసులో అది జాగ్రత్త. పెదనాన్నగారికి మాత్రం తమ్ముడు తన తోటలోకి వస్తున్నట్టు కనిపించింది, కానీ అడగడానికి మొహమాటపడ్డారు. నాన్నగారు పనిమీద రావులపాలెం వెళ్ళిన రోజున సర్వేయరుని పిలిపించి, గొలుసు పట్టించి హద్దు కొలిపించారు. ఆయన మనసులో అది తగువు లేకుండా తేల్చుకోవడం. సాయంత్రం బస్సు దిగి వచ్చిన నాన్నగారు పెరట్లో పాతిన సర్వే రాళ్ళు చూసి, గుమ్మంలోనే కూలబడ్డారు.

"అడిగితే నేనే పీకేద్దును కదా. నన్నడక్కుండా గొలుసు పట్టించడవేంటి అన్నయ్య?" అని అమ్మని అడిగారట. అదే మాట పక్కింటికి వెళ్ళి అడిగి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పని ఉండేది కాదు. మర్నాడు మొక్కలు పీకేసి, ఆ రాళ్ళ వెంటే, పడిపోయిన చెట్ల ఆకులతో నిలువెత్తు దడి కట్టించారు. పెదనాన్నగారు అరుగు మీద తన కుర్చీని అటువైపు తిప్పుకున్నారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. మాటలు ఆగిపోయాయి.

రెండో ఏడు వచ్చేసరికి బావి దగ్గర ఆ దడికి ఒక కంత పడింది. పడిందో, పెట్టారో నాకు తెలియదు. ఒక చెయ్యీ, ఒక గిన్నే పట్టేంత కంత. అందులోంచి పెద్దమ్మ చేసిన పనసపొట్టు కూర మా ఇంటికీ, అమ్మ పెట్టిన మాగాయ వాళ్ళింటికీ వెళ్ళేవి. ఆదివారాలు నేను వెళ్ళినప్పుడు చూసేదాన్ని, నాన్నగారు ఆ కూర కలుపుకుని, "ఇవాళ ఆవ బాగా పెట్టేవే" అని అమ్మని మెచ్చుకునేవారు. అమ్మ కూరలో ఆవ పెట్టదని ఆయనకి తెలుసు. ఏటా దడికి ఆకు మార్చే మనిషితో, బావి దగ్గర ఆకు గట్టిగానే ఉంది, అక్కడ కదపకు అనేవారు. అవతలివైపు కంత ముందు దురదగొండి మొలిస్తే పెదనాన్నగారే పీకి పారేసేవారని పెద్దమ్మ చెప్పేది. ఒకసారి నాన్నగారికి జ్వరం తగిలితే కంతలోంచి కొబ్బరిబొండాలు వచ్చాయి. ఒక్క వేటుకి నున్నగా చెక్కిన ఆ మూతులు పెద్దమ్మ చేతివి కావు. అమ్మ వాటిని నాకు చూపించి, నోటి మీద వేలేసుకుంది.

"ఇంకో రెండేళ్ళాగు, ఈ కంతలోంచి మనిషే దూరొచ్చేత్తాడు, చూత్తా ఉండు" అని పెద్దమ్మ అవతలినుంచి అంటే, నేనూ అమ్మా బావి దగ్గర కిసుక్కున నవ్వుకున్నాం. అన్నదమ్ముల రాజీ నిజంగా అంత దగ్గరికి వచ్చింది.

ఆ ఏడు పరీక్షల ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నిద్రకి తూలుతున్న పిల్లలకి ప్రచ్ఛన్న యుద్ధం మొదలుపెట్టాను. ఇనుపతెర అంటే నిజంగా ఇనుముతోనే చేస్తారా మేడమ్ అని ఒక పిల్లాడు అడిగాడు. నాకెందుకో హుషారు పుట్టింది. పుస్తకం మూసేసి, ఒక ఊళ్ళో ఇద్దరన్నదమ్ములు అని మొదలుపెట్టాను. జర్మనీ తుఫాను లాంటిది, అది ఉన్నంతసేపూ ఇద్దరూ ఒక్కటే అన్నాను. దెబ్బ మీద దెబ్బ తిన్న రష్యా తన గుమ్మం ముందు కాస్త ఎడం ఉంచుకుందామని పోలండునీ, చుట్టుపక్కల దేశాలనీ తన చెప్పుచేతల్లో పెట్టుకుంది, ఇవతల అమెరికా పక్షంవాళ్ళకి అది ఆక్రమణగా కనిపించింది, అవి రెండు మూరలు జరిపిన మొక్కలన్నాను. కలిసి యుద్ధం చేస్తూనే అమెరికా రష్యాతో చెప్పకుండా తయారుచేసుకున్న అణుబాంబు, తమ్ముడు ఊళ్ళో లేనప్పుడు పిలిపించిన సర్వేయరన్నాను. ఇనుపతెర అంటే దడి అన్నాను. బెర్లిన్‌కి రోడ్లన్నీ రష్యా మూసేస్తే, అక్కడి జనానికి ఇవతలివాళ్ళు విమానాల్లో తిండి చేరవేశారు కదా, అది ఎలాగంటే అని, కంత సంగతీ, పనసపొట్టు కూర సంగతీ, బొండాల సంగతీ కూడా చెప్పేశాను. ఆ అన్నదమ్ములిద్దరికీ అంతా తెలుసర్రా, తెలియనట్టు నటిస్తుంటారు అన్నాను. తరగతంతా నిద్ర వదిలి పగలబడి నవ్వింది. నా సర్వీసు మొత్తంలో అంత బాగా కుదిరిన పాఠం ఇంకోటి లేదు. ఇంటికి వెళ్ళేదాకా ఆ గర్వంలోనే ఉన్నాను.

ఊరి పేరు చెప్పలేదు, మనుషుల పేర్లు చెప్పలేదు. కానీ రెండో బెంచీలో ఊళ్ళో మా నాన్నగారి వీధి చివరింటి పిల్ల కూర్చునుంది. ఆ సాయంత్రం డాబా ముందునుంచి వెళ్తుంటే పెదనాన్నగారు ఎప్పట్లాగే పిలిచి, ఇవాళ ఏం పాఠం అయ్యిందమ్మా అని అడిగారట. అరుగు మీద ఆయనతో పాటు కొబ్బరి వ్యాపారులు ఇద్దరు ముగ్గురున్నారట.

"మేడమ్ గారు మీ దడి గురించే చెప్పేరండీ తాతగారూ! మీకూ ఆ తాతగారికీ కంత సంగతి తెలుసంట కదండీ, తెలీనట్టు ఉంటారంట కదండీ" అని ఆ పిల్ల సంబరంగా చెప్పింది. వ్యాపారులు నవ్వారు. పెదనాన్నగారు కూడా నవ్వి, "ఆయ్, అలా చెప్పేరా మేడమ్ గారు" అన్నారట. ఆ పిల్లనేమీ అనడానికి లేదు, చెప్పిన పాఠం శ్రద్ధగా విన్నది.

ఆదివారం నేను వెళ్ళేసరికి దడికి అవతల పునాది తవ్వి ఉంది. కంతకి ఎదురుగా ఇటుకలు పేర్చారు. వీధిలోంచి చుట్టూ తిరిగి డాబా దగ్గరికి వెళ్ళి, తప్పయిపోయింది పెదనాన్నా అని ఆయన కుర్చీ పక్కన కూర్చున్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు.

"నువ్వు చెప్పిందాంట్లో తప్పేవీ లేదమ్మా. కానీ పదిమందికీ తెలిసేక, ఇంక తెలీనట్టు ఎలా ఉండమంటావు?" అన్నారు. పెద్దమ్మని పిలిచి నాకు కాఫీ ఇమ్మన్నారు. పెద్దమ్మ గ్లాసు తెచ్చి నా మొహం చూడకుండా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ కాఫీ నేను తాగలేకపోయాను.

నాన్నగారికీ ఊళ్ళోవాళ్ళే చెప్పారు. గోడ ఛాతీ ఎత్తుకి లేచిన రోజున ఆయన దానికేసి చూస్తూ, "నీకు చదువు చెప్పించింది అన్నయ్యేనే" అన్నారు. అంతకంటే ఇంకేం అనాలి? ఇవతల దడి ఇంక అక్కర్లేదని ఆయనే పీకించేశారు.

తర్వాత చెప్పడానికి ఎక్కువేం లేదు. నాలుగేళ్ళకి పెదనాన్నగారు పోయారు. పది అడుగుల్లో ఉన్న ఇంటికి నాన్నగారు వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళి, పరాయివాళ్ళ వరసలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పెద్దమ్మ రాజోలులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయి, అక్కడే పోయింది. మా ఇంట్లో పనసపొట్టు కూర మళ్ళీ వండలేదు. మొదట అమ్మా, ఆ వెనకే నాన్నగారూ పోయారు. రిటైరయ్యేదాకా ఏటా ఆ పాఠం చెప్పాను గానీ మళ్ళీ పోలిక తేలేదు, కారణాలు ఒకటి, రెండు, మూడు అని బోర్డు మీద రాసి, రాసుకోమనేదాన్ని. కొన్ని పుస్తకాలు రష్యాదే తప్పంటాయి, కొన్ని అమెరికాది అంటాయి. ఎవరు మొదలుపెట్టారో నాకిప్పటికీ తెలియదు. మా ఇంట్లో సంగతి మాత్రం తెలుసు. చివరికి ఆ పాఠం వినే పిల్లలూ తగ్గిపోయి, మా కాలేజీలో ఆ గ్రూపే ఎత్తేశారు.

స్థలాలు అమ్మిన రోజున తమ్ముడూ, పెదనాన్నగారి అబ్బాయీ రిజిస్ట్రారాఫీసులో పక్కపక్కన కూర్చుని సంతకాలు పెట్టి, టీ తాగి, ఎవరి కారులో వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ మధ్య పగ లేదు. పగ పెట్టుకునేంత దగ్గరితనమూ లేదు.

"ఇటికలేవన్నా కావాలాండీ మేడమ్? మంచియ్యి ఏరి పక్కనెడతాను" అని పొక్లెయినతను అడిగాడు. వద్దు బాబూ అన్నాను. బావి ఎక్కడుండేదో వెతికాను, అదీ ఎప్పుడో పూడ్చేశారు. అంచనా మీద ఒకచోట నిలబడి అటు చూస్తే డాబా అరుగు దాకా అంతా ఖాళీగా కనిపించింది. దడి ఉన్న రోజుల్లో ఒక చెయ్యి పట్టేంత కంత కోసం తోడికోడళ్ళిద్దరూ ఎంత వంగేవారో. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. అటునుంచి గిన్నె అందించే చెయ్యీ లేదు, ఇటు అందుకునే చెయ్యీ లేదు.