మణుగుకి ఇరవై అయిదు

ఒకాయనను ఉప్పు మాన్పించి చంపబోయాను. ఇంకొకాయనను ఉప్పు తినిపించి చంపబోయాను. రెండూ ఒకే నెలలో, ఒకే లెక్కతో. ఇంత ఘోరం జరిగాక కూడా చెబుతున్నాను, ఆ లెక్కలో తప్పు లేదు. కావాలంటే మీరూ పలక తీసుకుని చేసి చూడండి. తప్పంతా మనుషుల ఒళ్ళల్లో ఉంది.

యుద్ధం రోజులవి. నరసరావుపేటలో ఒక మిరపకాయల కొట్లో కాటా దగ్గర పని నాది. బడి చదువు మూడో తరగతి. త్రైరాశికం మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. కొత్తగా కత్తి దొరికినవాడికి కనిపించిన ప్రతిదీ సొరకాయలాగే ఉంటుంది కదా, నాకు లోకమంతా త్రైరాశికంలాగే ఉండేది.

ఒకరోజు మా యజమాని శెట్టిగారు డాక్టరు దగ్గర నుంచి నీరసంగా వచ్చారు. చేతికి గుడ్డపట్టీ చుట్టి పాదరసంతో రక్తపోటు కొలిచే పెట్టె అప్పుడే మా ఊరికి వచ్చింది.

"నూటయాభై ఉందంటయ్యా. ఒళ్ళు తగ్గించమన్నాడు" అన్నారు.

ఒళ్ళు తగ్గితే పోటు తగ్గుతుందట! అంటే బరువుకీ పోటుకీ లంకె ఉన్నట్టే. వెంటనే శెట్టిగారిని కాటా ఎక్కించాను. సరిగ్గా ఆరు మణుగులు, వీశ ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆరు మణుగులకి నూటయాభై అయితే మణుగుకి ఎంత? ఇరవై అయిదు! శేషం కూడా మిగల్లేదు. శేషం మిగలని లెక్కను ఎవరైనా అనుమానిస్తారా? మీరైతే అనుమానించేవారా?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నేను పట్టింది శెట్టిగారి కుండలో మెతుకు. వార్చింది ఊరందరి అన్నం.

యాభై దాటిన మగవాళ్ళందరూ నా కాటా ముందు వరస కట్టారు. డాక్టరుకి రూపాయి ఇవ్వాలి, నాకు అక్కర్లేదు. బస్తాలు మోసే అంకయ్య ఒక్కడే అడ్డం తిరిగాడు.

"అన్నా, మా గేదె నలభై మణుగులుంటది. దాని పోటెంత?"

"వెయ్యి."

"వెయ్యా! మరి పేలదేంది?"

"ఇది మగాళ్ళ లెక్క. నీ గేదెను తీసుకుపో" అని కసిరాను. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే ఆగేవాడు.

మా మామగారు వెంకటప్పయ్యగారు ఎనిమిది మణుగుల మనిషి. అంటే రెండొందలు! ఆ సాయంత్రమే అత్తగారింటికి పరుగెత్తి ఉప్పు, ఊరగాయ, నెయ్యి అన్నీ బంద్ చేయించాను. రెండు పూటలా చప్పిడి జావ.

పదో రోజుకి మామగారు కబురుపెట్టి పిలిపించారు.

"ఏందల్లుడూ, ఈ జావ దూడకి పెడితే తొట్టి తన్నుద్ది. నేను తన్నలేక తాగుతున్నా."

"మామగారూ, మణుగు తగ్గితే పాతిక తగ్గుద్ది."

"నేను తగ్గిద్దామనుకునేది నువ్వు ఇంటికొచ్చే రాకడ!"

మంచి చెప్పినవాడికి దక్కే మర్యాద చూశారా?

ఇక రెండో ఆయన మా బాబాయి కోటయ్య. నాపరాళ్ళు కొట్టి మోసే మనిషి. నాలుగు మణుగులకి మించడు. ఎముకలు, మీసం, అంతే.

"ఒరే అబ్బాయ్, తల దిమ్మెక్కుతా ఉందిరా. చెవుల్లో చానా హోరు."

లెక్క కట్టాను. నూరు. శెట్టిగారి కంటే యాభై తక్కువ!

"నీకు పోటు చాలట్లేదు బాబాయ్. ఉప్పుచేప తిను, ఊరమిరపకాయలు తిను, ఆవకాయ రెండుపూటలా తిను. ఒక మణుగు పెరిగావంటే పాతిక కూడుద్ది."

రత్తమ్మ పిన్ని నా మాట వేదంగా తీసుకుంది. మూడు వారాలు ఆ ఇంట్లో ఉప్పు తప్ప వేరే కూర వండలేదంటే నమ్మండి. నాలుగో వారం బాబాయి బండ ఎత్తబోయి పడిపోయాడు. ముక్కున రక్తం ధారగా కారుతోంది. ఎంతకీ ఆగదు.

బండి కట్టి డాక్టరు దగ్గరికి తెచ్చాం. పిన్ని ఏడుపు మాటల్లోకి రావడం లేదు. డాక్టరుగారు పట్టీ చుట్టారు, గాలి కొట్టారు. మళ్ళీ కొట్టారు.

"రెండొందల ఇరవై! ఈయనకి ఉప్పు తినమన్నది ఎవరు?"

పిన్ని వేలు నా వైపు తిరిగింది.

కబురు విని వచ్చిన మామగారు ఇదే సందని జబ్బ చాచారు. "నాదీ చూడండి." చూశారు. నూటనలభై.

"మీ వయసుకి ఇంత ఉండొచ్చు. కాస్త ఉప్పేసుకోండి" అన్నారు డాక్టరుగారు. మామగారు నా వైపు చూసిన చూపు రాయడానికి నాకు తెలిసిన అక్షరాలు చాలవు.

నేను కాగితం తీసి లెక్క చూపించాను. డాక్టరుగారు చివరిదాకా చదివారు.

"గుణకారం బాగానే ఉంది."

"చిత్తం."

"బరువుతో పోటు పెరిగే మాటా నిజమే. కానీ పెద్దవయసులో బక్కవాళ్ళకీ వస్తుందయ్యా. దాన్ని కొలవాలి. లెక్కగట్టకూడదు."

ఈ ముక్క శెట్టిగారికి ముందే చెబితే డాక్టరుగారి సొమ్మేం పోయేది? ఇప్పటికీ నాకు ఒళ్ళు మండేది అక్కడే.

రాత్రికి రక్తం ఆగింది. బాబాయి బతికాడు. మర్నాడు ఇంటికి తెచ్చాం. డాక్టరుగారు రాసిచ్చిన చీటీ పిన్ని నా ముందు పడేసింది.

"నాకు సదువు రాదు. నువ్వే సదివి చావు."

చదివాను. "ఒకటి. ఉప్పు, ఊరగాయ ముట్టరాదు. రెండు. మూడు నెలలు బండలు మోయరాదు. మూడు..."

"ఆగావేంది?"

"మూడు. ఈ చీటీ చదువుతున్న మనిషి ఆ మూడు నెలలూ రోగి గడప తొక్కరాదు."

మంచం మీద బాబాయి మీసం కదిలింది. పిన్ని లేచి తలుపు బార్లా తీసింది.

"పిన్నీ, తెలుగు నెలలా, ఇంగ్లీషు నెలలా రాయలేదు. మూడు నాలుగు రోజులు తేడా వస్తది" అన్నాను.

"ఏ లెక్కకి ఎక్కువ రోజులొస్తే ఆ లెక్క. నడువ్!"

ఇంగ్లీషు లెక్కే ఎక్కువ వచ్చింది. ఒక్కరోజు తగ్గించకుండా గడిపాను. ఆనాడు కాటా గొలుసు పట్టుకుని చేసిన ప్రతిజ్ఞ ఈనాటికీ తప్పలేదు. యాభై దాటిన మగవాడిని కాటా ఎక్కించను. తనంతట తానే ఎక్కి కూర్చుంటే, దిగేదాకా కళ్ళు మూసుకుని ఉంటాను.