నేను బిగించని నట్లు

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెళ్లయింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నా గురించి తనకు తెలియని సంగతి లేదని మా ఆయన అనుకుంటాడు. ఇది ఆయనకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా కూర్చుని చెప్పాల్సి వస్తే ఈసారి కూడా మాట మార్చేసేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో జరిగింది. మేం మణుగూరులో బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాయిన గనిలో ఫిట్టర్. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ముగ్గురమే. నాయిన, నేను, నాకంటే నాలుగేళ్లు చిన్నదైన చెల్లి. నేను ఇంటర్ తప్పి కుట్టుపని నేర్చుకున్నాను. చెల్లి కాలేజీలో చేరి బరువులెత్తడం నేర్చుకుంది. ఎత్తుతోంది అంటే మామూలుగా కాదు. కోచ్ సారు ఇంటికొచ్చి, ఈ పిల్లకు రోజూ సాధన ఉంటే ఖమ్మం సెలెక్షన్లలో తిరుగుండదని నాయినకు చెప్పి వెళ్లాడు. రోజూ సాధన చేయడానికి దగ్గరలో చోటు లేదు.

మా క్వార్టర్ వెనక ఒక చిన్న రేకుల గది ఉండేది. కిటికీ పక్కన నా మిషన్. ఆ గది నాకిస్తానని నాయిన ఎప్పుడో అన్నాడు. ఇప్పుడు నా దగ్గరికొచ్చి, "కొన్నాళ్లే బిడ్డా, చెల్లె సెలెక్షన్లు అయ్యేదాక" అన్నాడు. సరేనన్నాను. ఆ సరే నోటితో అన్నదే. మిషన్ వంటింటి గుమ్మం పక్కకు చేరింది. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూదిలో దారం ఎక్కించాలంటే కళ్లు చికిలించాలి.

ఆ గదిలో నాయిన చేసిన పని చూస్తే మీరూ ముచ్చటపడేవారు. చెల్లి ఎత్తే ఇనుప రాడ్ దాదాపు గది వెడల్పంత ఉంది. అటూ ఇటూ బరువు ప్లేట్లు ఎక్కిస్తే గోడకు జానెడు సందు కూడా మిగలదు. ప్లేట్లు ఎక్కించడానికి వీలుగా గోడకున్న సిమెంటు అరను పగలగొట్టాడు. చెల్లి చేతులు పైకెత్తితే రాడ్ రేకుల కింది దూలానికి తగులుతుందని నేలను మూరెడు లోతు తవ్వాడు. ఇసుక పోసి, పలకలు పరిచి, వాటి మీద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు వేశాడు. రాడ్ పెట్టడానికి రెండు ఇనుప స్టాండ్లు తనే వెల్డింగ్ చేశాడు. ఇరుకు గదిలో అవి ఒరిగితే తప్పుకోవడానికి చోటుండదని, ఒక్కో స్టాండుకు నాలుగేసి బోల్టులు సిమెంటులో పాతి, నట్లు వేసి పానాతో బిగించాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం కూడా చేయకుండా కొలతలు తీసుకునేవాడు. నా కోసం ఎప్పుడైనా ఇంత చేశాడా అని గుమ్మంలో నిలబడి లెక్కలు వేసుకునేదాన్ని. చేశాడు. ఆ మిషన్ కొనిపెట్టింది ఆయనే. కానీ అప్పుడు నాకది గుర్తు రాలేదు. గుర్తు రాలేదా, తెచ్చుకోలేదా?

డిసెంబరు వచ్చింది. మా చర్చిలో అందరూ క్రిస్మస్ బట్టలు నాకే ఇచ్చారు. గుమ్మం దగ్గర వెలుతురు చాలడం లేదు. చెల్లి కాలేజీకి, నాయిన డ్యూటీకి వెళ్లాక కిటికీ పక్క స్టాండు నట్లు విప్పి, స్టాండును బయట పెట్టి, మిషన్ లోపలికి జరుపుకునేదాన్ని. సాయంత్రం వాళ్లు రాకముందే మళ్లీ స్టాండు నిలబెట్టి పానాతో బిగించేదాన్ని. ఫిట్టర్ కూతుర్ని, చేతకాని పనేం కాదు. పది రోజులు ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు చెల్లి, "అక్కా, నా రూముల బట్టముక్కలెందుకు పడ్తున్నయ్? కాలు జారుతుంది" అంది. మామూలుగానే అంది. ఆ 'నా రూము' అన్న మాట మాత్రం నా ఛాతీలో ఇరుక్కుపోయింది.

ఆ మర్నాడు సాయంత్రం మిషన్ బయటికి లాగి, స్టాండు నిలబెట్టి రెండు నట్లు చేత్తో ఒక చుట్టు తిప్పాను. ఇంకో రెండు మిషన్ సొరుగులోనే ఉన్నాయి. అప్పుడే పిల్లల గౌన్ల కోసం ఒకామె వచ్చి పిలిచింది. ఇంటి ముందుకు వెళ్లి ఆమెతో మాట్లాడుతూ ఉండిపోయాను. చెల్లి కాలేజీ నుంచి వచ్చి బట్టలు మార్చుకుని, నా పక్క నుంచే వెనక గదిలోకి వెళ్లింది.

ఇక్కడి దాకా పొరపాటు అనుకోవచ్చు. నేను చాలా ఏళ్లు ఇక్కడే ఆపి నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె నా పక్క నుంచి వెళ్లినప్పుడు నట్లు నాకు గుర్తొచ్చాయి. స్పష్టంగా గుర్తొచ్చాయి. ఒక్క కేక వేస్తే చాలు. వేయలేదు. కాస్త ఊగనీ, కాస్త భయపడనీ, ఆ గది ఆమె ఒక్కదానికే సరిపోయేంత మంచిది కాదని తెలియనీ అనుకున్నాను. దెబ్బ తగలాలని కోరుకోలేదు. ఇలా అనుకోవడంలో నన్ను నేను కాపాడుకుంటున్నానా? ఏమో. అంత బరువు కింద నిలబడే మనిషికి కాస్త ఊగడం అంటే ఏమిటో నాకు తెలియదా?

చెల్లి బరువును భుజాల మీద మోస్తూ కూర్చుని లేచి, రాడ్‌ను తిరిగి స్టాండ్ల మీద పెట్టబోయింది. కిటికీ పక్కది ఒరిగిపోయింది. రాడ్ ఒకవైపు కుంగి, ఆమె కుడి మోచెయ్యి రాడ్‌కూ గోడకూ మధ్య పడింది. ఆ అరుపుకు పక్క క్వార్టర్ల వాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. చెల్లిని ఎత్తుకుని ఆటో ఎక్కిస్తున్నారు. ఆ గందరగోళంలో నేనేం చేశానో తెలుసా? సొరుగు తెరిచి ఆ రెండు నట్లు తీసి, వెనక గదిలో బోల్టుల పక్కన పడేశాను. చెల్లి వెంట ఆటోలో వెళ్లడం కంటే ముందు చేసిన పని అది.

నాయిన డ్యూటీ దిగి ఇంటికెళ్లి గది చూసి, దవాఖానకు వచ్చాడు. బెంచీ మీద నా పక్కన కూర్చుని అరచెయ్యి తెరిచాడు. నాలుగు నట్లు.

"ఊడినయ్ బిడ్డా" అన్నాడు. "నేను గట్టిగనే బిగించిన గదా? నువ్వు చూసినవ్ గదా?"

నట్లను అరచేతిలోనే అటూ ఇటూ దొర్లించాడు.

"మొన్న ఆదివారం ఒకసారి పానా ఏసిననా, లేదా? నాకు యాదికొస్తలేదు."

ఆయన నా వైపు చూస్తున్నాడు. నిజంగా అడుగుతున్నాడు. నా జవాబును నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఏమో నాయినా" అన్నాను. "డబుల్ డ్యూటీలు చేస్తున్నవ్ గదా. మర్చిపోయినవేమో."

"అవ్" అన్నాడు. "అంతే అయ్యుంటది."

ఎముక అతికింది కానీ మోచెయ్యి పూర్తిగా చాపడం ఆమెకు ఇక కుదరలేదు. బరువును తలపైకి ఎత్తి చేతులు నిటారుగా నిలపలేని మనిషికి ఆ ఆటలో చోటు లేదు. సెలెక్షన్లు ఆమె లేకుండానే జరిగాయి. నాయిన ఆ గుంటను మట్టితో పూడ్చి, నా మిషన్ తనే మోసుకొచ్చి కిటికీ పక్కన పెట్టాడు. అక్కడ కూర్చుని నేను ఎన్నో బట్టలు కుట్టాను.

నాయిన గనిలో బిగించిన నట్టునే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడని తోటివాళ్లు నవ్వేవారట. కొన్నాళ్లకు ఫిట్టర్ పని తనవల్ల కాదని దరఖాస్తు పెట్టుకుని, గని పైన ల్యాంపులు ఇచ్చే పనికి మారాడు. ఇంట్లో కుళాయి కారితే కూడా ఎవరినో పిలిచేవాడు. తన చేతులను తనే నమ్మడం మానేశాడు.

మా చర్చిలో సాక్ష్యాల కూడిక ఉంటుంది. లేచి నిలబడి చేసిన పాపం ఒప్పుకోవచ్చు. ఒకసారి లేచాను. నాయిన మగవాళ్ల వైపు మూడో వరసలో ఉన్నాడు. నాకు కోపం ఎక్కువ, ప్రార్థన చేయండి అని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆయన కూడా.

ఆరేళ్ల కిందట నాయిన ఆయాసంతో మంచం పట్టాడు. చెల్లి భద్రాచలం దగ్గర హాస్టల్ వార్డెన్‌గా చేస్తోంది. సెలవు పెట్టి వచ్చింది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని ఏడ్చేవాడు. "నీ తప్పేం లేదు నాయినా, నేనే సరిగ పెట్టలే" అని చెల్లి ఆయనకు సర్దిచెప్పేది. నేను జావ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. తప్పు నాదంటే నాదని ఇద్దరూ పంచుకుంటున్నారు. ఒక్క వాక్యం చాలు. చల్లారిపోతుంది, తాగు నాయినా అన్నాను. మూడో రోజు పోయాడు.

చెల్లికి ఇంకా చెప్పలేదు. చెబితే క్షమిస్తుందేమోనన్నదే నా భయం. క్షమించాల్సిన ఇంకో మనిషి లేడు కదా. ఈ కాగితం ఆమె కంటపడితే పడనీ. చేతిరాత గుర్తుపడుతుంది.

నా పేరు రాయలేదు. చెల్లి పేరూ రాయలేదు. ఆయన పేరు మాత్రం రాస్తున్నాను. మా నాయిన పేరు దేవదానం. ఫిట్టర్. ఆయన బిగించిన నట్టు ఒక్కటి కూడా ఊడలేదు.